వదులయ్యే నడికట్టు

దమయంతి టీచర్ ఊగుడు బల్ల మీద నిలబడి కోడలితో వాదిస్తోంది.

“కళ్ళు మూసుకోమన్నావు, మూసుకున్నాను. బల్ల ఎప్పుడు ఊపుతారో కూడా చెప్పకపోతే ఎలా అమ్మాయ్? పరుగుపందెంలో అయినా విజిల్ వేసి మరీ వదులుతాం పిల్లల్ని.”

“ముందే చెప్తే మీరు కాళ్ళు బిగబట్టేస్తారు అత్తయ్యా. అప్పుడిక పరీక్షించడానికి ఏముంటుంది?” అంది ప్రసూన.

ఆమె మాట పూర్తయ్యీ కాకముందే గాజు తలుపు అవతల కూర్చున్న నజీమా మీట నొక్కింది. బల్ల ఎడమవైపుకి చటుక్కున ఒరిగింది. డెబ్భై దాటిన మనిషి ఎవరైనా ఆ ఒరుగుడుకి తూలి పడాల్సిందే. అందుకే పైనుంచి తాళ్ళు కట్టారు, చుట్టూ మెత్తటి పరుపులు వేశారు. కానీ దమయంతి పడలేదు. ఆవిడ ఎడమ పిక్క దానంతటదే బిగిసింది. కుడి తొడ కాస్త వెనక్కి లాగింది. ఒళ్ళు మళ్ళీ నిటారుగా నిలబడింది.

ఆవిడ కళ్ళు తెరిచి పాదాల వైపు చూసుకుంది. “ఊపేశారా?”

“ఊపేశాం.”

“ఎవరో పిక్క మీద గిల్లినట్టయింది. అంతే.”

గాజు అవతల నజీమా రెండు చేతులూ పైకెత్తి గెంతుతోంది. ఆ అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఆ పరికరంలోని ప్రతి తీగనీ తన చేత్తో అతికింది.

దమయంతి నడుముకి నాలుగు వేళ్ళ వెడల్పున బూడిదరంగు పట్టీ ఉంది. దాన్నుంచి బయల్దేరిన సన్నటి తీగలు తొడలకీ పిక్కలకీ అతికించిన పలుచటి బిళ్ళల దాకా వెళ్తాయి. మనిషి తూలబోతున్న సంగతి ఆ మనిషికి తెలిసేలోపే పట్టీకి తెలుస్తుంది. ఏ కండరం బిగిస్తే ఒళ్ళు నిలబడుతుందో లెక్కగట్టి, రెప్పపాటులో అక్కడికి చిన్న కరెంటు తాకిడి పంపుతుంది. ప్రసూన నడిపే ప్రయోగశాల కాగితాల్లో దానికి పొడుగాటి పేరు ఉంది. దమయంతి మొదటిరోజే దాన్ని నడికట్టు అంది. ఆ పేరే అందరి నోళ్ళలో నిలిచిపోయింది.

ప్రసూన ఈ పని మొదలుపెట్టింది అత్తగారిని చూసే. దమయంతి అనకాపల్లిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఎండలో విజిల్ పట్టుకుని నిలబడి ఖోఖో ఆడించిన మనిషి. రిటైరయ్యాక విశాఖలో కొడుకు దగ్గరికొచ్చి కూడా రోజూ బీచ్ రోడ్డు మీద గబగబా నడిచేది. అలాంటిది ఒకసారి వానలో మెట్లమీద జారింది. దెబ్బేమీ తగల్లేదు, భయం మాత్రం ఒంట్లోకి దూరింది. వాళ్ళుండే పెదవాల్తేరు రోడ్లన్నీ ఎత్తుపల్లాలు కదా, బయటికెళ్ళడం మానేసింది. నడక మానేసరికి కాళ్ళు సన్నబడ్డాయి. కాళ్ళు సన్నబడేసరికి నిజంగానే తూలడం మొదలైంది. ఇంట్లో సోఫా నుంచి బల్లకి, బల్ల నుంచి తలుపుకి పట్టుకుంటూ నడిచే ఆవిణ్ణి చూసినప్పుడల్లా ప్రసూనకి ఒకటే అనిపించేది. ఈ భయం ఒక్కటి తీసేయగలిగితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

నడికట్టు ఆ భయాన్ని తీసేసింది.

ఊళ్ళోంచి ముసలివాళ్ళని కొందరిని ఎంచుకుని, వాళ్ళ నడకనీ నిలకడనీ పరీక్షించి, కట్లు ఇచ్చారు. నెల తిరక్కుండానే వాళ్ళ ఇళ్ళలో జీవితాలు మారిపోయాయి. సంగీతం మాస్టారొకాయన మళ్ళీ పై అంతస్తుకెక్కి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. కనకమహాలక్ష్మి అనే ఆవిడ సిటీ బస్సెక్కి గాజువాకలో ఉన్న చెల్లెలింటికి ఒంటరిగా వెళ్ళొచ్చింది. ఒకప్పుడు పోర్టులో క్రేన్ నడిపిన పైడిరాజయితే, తెల్లారగానే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి బేరమాడి మరీ చేపలు తెచ్చుకునేవాడు. నెలవారీ పరీక్షకి వచ్చినప్పుడు ఒక వంజరం తెచ్చి ప్రసూన బల్ల మీద పెట్టాడు.

“ప్రయోగశాలలో చేపలేంటి పైడిరాజు గారూ!”

“నా కాళ్ళతో ఎల్లి తెచ్చింది డాక్టరమ్మా. మీరు తినకపోతే నేనూరుకోను,” అన్నాడాయన. “మా లోకేశ్వరి అంటాది, నాన్నకి పదేళ్ళు తగ్గిపోనాయని.”

దమయంతి కూడా మళ్ళీ ట్రాక్ ప్యాంటు తొడుక్కుని బీచ్ రోడ్డెక్కింది. ఒక్క కనకమహాలక్ష్మి మాత్రం వచ్చినప్పుడల్లా ఏదో గొణిగేది. “నా కట్టు కొంచెం బద్ధకంది తల్లీ. నేను తూలాక, అయ్యో అనుకున్నాక, అప్పుడు పట్టుకుంటాది.” చూస్తామమ్మా అనేవారు. అందరికీ బాగా పనిచేస్తున్న వస్తువులో ఒకరి ఫిర్యాదు వెనక్కి వెళ్ళిపోతూ వచ్చింది.

పైడిరాజు పోయిన వార్త వానాకాలం మొదట్లో తెలిసింది.

స్నానానికని కట్టు విప్పి, తలుపు వెనక కొక్కేనికి తగిలించి, స్నానాలగదిలోకి అడుగుపెట్టాడు. అంతే, పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, మంచం మీద ఉండగా ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. కోలుకోలేదు.

కర్మకాండలయ్యాక ఆయన కూతురు లోకేశ్వరి కట్టు తిరిగి ఇవ్వడానికి ప్రయోగశాలకి వచ్చింది. కోపంగా లేదు. అలిసిపోయి ఉంది. ప్రసూన చేతులు పట్టుకుంది. ప్రసూన కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

“మీ తప్పని అన్లేదండీ,” అంది లోకేశ్వరి. “ఈ కట్టు వల్లే మా నాన్న నవ్వుతూ తిరిగేడు. కానీ ఒక్కటి అడగాలని వొచ్చేను. ముందు నాన్న గోడ పట్టుకుని ఎల్లేవోడు నీళ్ళ గదిలోకి. ఎన్నేళ్ళ నించో అలవాటు. ఈ కట్టొచ్చేక గోడ పట్టుకోడం మర్చిపోయేడు. కట్టు తీసేసేక కూడా గుర్తు రాలేదు. అలగెలగ మర్చిపోతారండీ మనుషులు?”

లోకేశ్వరి వెళ్ళిపోయాక కూడా ఆ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ వీళ్ళని కట్టుతోనే పరీక్షించారు. కట్టు పెట్టుకున్న మనిషి పడుతున్నాడా లేదా అన్నదే చూశారు. కట్టు లేకుండా వీళ్ళెలా ఉన్నారో చూడాలని ఎవరికీ తోచలేదు.

మర్నాడే అందరినీ పిలిపించింది. తాళ్ళు కట్టి, కట్టు విప్పించి, ఒక్కొక్కరినీ ఊగుడు బల్ల మీద కాదు, మామూలు నేల మీద నిలబెట్టింది. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోవాలి. అంతే పరీక్ష. మొదట్లో, కట్టు అనేదే లేని రోజుల్లో, వీళ్ళంతా ఆపాటి పని కాస్త ఊగుతూనైనా చేసినవాళ్ళే.

సంగీతం మాస్టారు కళ్ళు మూసుకున్న వెంటనే పక్కకి ఒరిగి తాళ్ళకి వేలాడాడు. ఆయన తర్వాతి ఆవిడా అంతే. ఆ తర్వాతి వాళ్ళూ అంతే.

దమయంతి వంతు వచ్చింది. “నేను చూపిస్తానుండు,” అంటూ వచ్చి నిలబడింది. కళ్ళు మూసింది. వెంటనే నేల జారిపోయినట్టు ముందుకి వచ్చేసి కోడలి భుజాల మీద పడింది. ప్రసూన గట్టిగా పట్టుకుంది.

“అదేంటమ్మాయ్,” అంది దమయంతి చిన్న గొంతుతో. “నా కాళ్ళకి నేను చెప్పేది వినపడట్లేదు.”

జరిగింది ప్రసూనకి అర్థమైంది. మనిషి నిలబడటం అంటే ఊరికే నిలబడటం కాదు. క్షణక్షణం కొంచెం పడబోతూ, కొంచెం ఆపుకుంటూ ఉంటాం. చెవిలోపలి నరం, పాదాల చర్మం, కళ్ళు, కండరాలు ఆ పనిని మాటామంతీ లేకుండా చేసుకుపోతుంటాయి. తూలబోతున్నామన్న కబురు మెదడుకి చేరకముందే నడికట్టు ఆ పని పూర్తిచేసేస్తోంది. అందని కబురు కోసం మెదడు ఎంతకాలం ఎదురుచూస్తుంది? ఎదురుచూడటం మానేసింది.

వరసలో చివరగా కనకమహాలక్ష్మి వచ్చింది. పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకుని నిలబడింది. కాసేపు చూశారు. ఇంకాసేపు చూశారు. ఆవిడ కొద్దిగా ఊగుతోంది, నిలదొక్కుకుంటోంది, మళ్ళీ ఊగుతోంది.

“తెరవమంటారా?” అని అడిగింది చివరికి. “నాకవతల బస్సుకి టైమవుతోంది.”

నజీమా ప్రసూన మొహంలోకి చూసింది. కనకమహాలక్ష్మి మొదటి రోజుకన్నా బాగా నిలబడింది. అందరిలోకీ ఆవిడొక్కతే.

ఆ సాయంత్రమే నజీమా కనకమహాలక్ష్మి కట్టు విప్పి చూసింది. లోపల ఒక అతుకు సరిగ్గా పడలేదు. అందువల్ల తాకిడి వెళ్ళడంలో ఆలస్యమవుతోంది. అర సెకను కూడా లేదు. కానీ ఆ మాత్రం జాగాలో ఆవిడ మెదడుకి కబురు అందుతోంది, కాళ్ళు తమ పని తాము మొదలుపెడుతున్నాయి, చేతకానప్పుడు మాత్రమే కట్టు వచ్చి పట్టుకుంటోంది.

“తప్పు నాదే మేడమ్,” అంది నజీమా, ఆ అతుకుని వేలితో తడుముతూ. “ఆవిడ చెప్తున్నప్పుడే చూసుండాల్సింది.”

“చూసుంటే బాగుచేసి ఇచ్చేసేదానివి,” అంది ప్రసూన. “అప్పుడు మనకేం తెలిసేది?”

సంస్థ డైరెక్టర్ జోసఫ్ రత్నం గారు ఇద్దరూ చెప్పింది ఓపిగ్గా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. వాళ్ళమ్మ కూడా ఒకసారి పడ్డాక ఇక కోలుకోలేదు. అందుకే ఆయనకి పడటం అనే మాటే గిట్టదు.

“కట్టు తీసేసినప్పుడే కదమ్మా పడుతున్నారు. తీయాల్సిన అవసరం లేకుండా చేద్దాం. నీళ్ళలో తడిసినా పాడవకుండా, నిద్రలో కూడా ఒంటిమీదే ఉండేలా. చర్మంలో కలిసిపోయేలా చేయగలదు నజీమా.”

“చేయగలను సార్,” అంది నజీమా. “కానీ ఒకరోజు బ్యాటరీ చచ్చిపోతుంది. ఒకరోజు ఆసుపత్రిలో స్కానింగ్ కోసం తీయిస్తారు. ఆరోజు ఆ మనిషి మంచం దిగలేడు.”

“మరి మీరనేదేంటి?”

“కట్టు ఆలస్యంగా పట్టుకోవాలి,” అంది ప్రసూన. “మొదట కొంచెం ఆలస్యం. మనిషి దానికి అలవాటుపడ్డాక ఇంకొంచెం. చివరికి, ఇక పడిపోవడం ఖాయం అన్న క్షణంలో తప్ప అది కదలకూడదు. వాళ్ళ కాళ్ళు వాళ్ళకి తిరిగి ఇచ్చేయాలి సార్.”

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ముసలివాళ్ళని కావాలని తూలనిస్తావా? రోజురోజుకీ వదులైపోయే కట్టుని ఎవరు పెట్టుకుంటారమ్మా?”

“అడుగుతాను. ఎవరు ఒప్పుకుంటే వాళ్ళకే.”

“సరే, మొదట ఒక్కరు. ఒక్కరితో రుజువు చెయ్యి. ఆ తర్వాత మాట్లాడదాం.”

ఆ ఒక్కరు ఎవరో ఇంట్లో చెప్పక్కర్లేకపోయింది. భోజనాల దగ్గర ప్రసూన సంగతంతా చెప్పగానే దమయంతి, “నాతోనే మొదలుపెట్టు,” అంది. ప్రసూన భర్త భార్గవ కలుపుతున్న ముద్ద వదిలేశాడు.

“అమ్మ మీద నీ ప్రయోగాలు చాలు ప్రసూనా. ఒకసారి చేశావు. ఏమైందో చూశాం.”

“నేనే అడిగాన్రా,” అంది దమయంతి.

“నువ్వూరుకో అమ్మా. పైడిరాజు గారి సంగతి విన్నావుగా. కట్టు బాగా పట్టుకుంటోంది కదా, అలాగే ఉండనీ. స్నానానికి నేను కుర్చీ వేయిస్తాను. గోడలకి కడ్డీలు పెట్టిస్తాను. మనిషిని పెడదాం. తూలించి తూలించి నేర్పడానికి నువ్వేం చంటిపిల్లవా?”

“కడ్డీలు పెట్టించు, మంచిదే,” అంది ప్రసూన. “కానీ భార్గవా, ఇప్పుడున్నట్టే ఉంచితే వచ్చే ఏడాదికి అత్తయ్య కట్టు లేకుండా మంచం మీద లేచి కూర్చోలేరు. నాకు తెలిసింది నేను దాచలేను.”

అతను తినకుండా లేచాడు. చాలా రోజులు ముభావంగానే ఉన్నాడు. కానీ కడ్డీలు మాత్రం మర్నాడే పెట్టించాడు.

కట్టుని మొదటిసారి వదులు చేసినప్పుడు దమయంతికి తేడా ఏమీ తెలియలేదు. రెండోసారి తెలిసింది. ఇంటి ముందు వాలుగా ఉన్న రోడ్డు మీద మలుపు తిరుగుతుంటే ఒళ్ళు పక్కకి వెళ్ళిపోయింది. ఇదివరకు పిక్కలో వచ్చే ఆ గిల్లుడు రాలేదు. వస్తుందని ఎదురుచూస్తూ ఉండగానే ఇంకా ఒరిగింది. చివరి క్షణంలో వచ్చి పట్టుకుంది కట్టు. ఆవిడ రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది.

పక్కనే నడుస్తున్న ప్రసూన చేయి చాచబోయి ఆపుకుంది. అన్నిటికన్నా కష్టమైన పని అదే అయింది ఆమెకి. చేయి అందిస్తే కాళ్ళు మళ్ళీ చేతి మీద ఆధారపడతాయి. ఇవ్వకపోతే, ఎదురుగా వణుకుతున్నది అత్తగారు. ప్రసూన రెండు చేతులూ చున్నీలో చుట్టేసుకుని నడిచేది.

రోజులు గడుస్తుంటే దమయంతి మాట తగ్గిపోయింది. పొద్దున్నే లేచి కట్టు పెట్టుకోవడం, గేటు దాకా వెళ్ళడం, తూలడం, నిలదొక్కుకోవడం, చెమటలు పట్టి లోపలికి రావడం. ఒక మధ్యాహ్నం ఆవిడ కుర్చీలో కూలబడి ఏడ్చింది.

“నేను డ్రిల్లు టీచర్ని ప్రసూనా. పిల్లలు పడితే, లే, దులుపుకో, ఆడు అనేదాన్ని. ఇప్పుడు నా గుమ్మం దాటడానికి నాకు గుండెలదురుతున్నాయి. నావల్ల కాదు. పాత పద్ధతిలో పెట్టేయ్.”

ప్రసూన ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. బతిమాలాలనిపించింది. ఇంకొక్క వారం అనాలనిపించింది. కానీ భార్గవ మాట గుర్తొచ్చింది. ఆవిడ ప్రయోగం కాదు.

“మీ ఇష్టం అత్తయ్యా. ఇప్పుడే పెట్టేస్తాను.”

పెట్టేసింది. దమయంతి మళ్ళీ హాయిగా నడిచింది. కూరగాయల బండి దాకా వెళ్ళొచ్చింది. అయినా ఆ నడకలో ఆవిడకి మునుపటి సంతోషం లేదు. తన కాళ్ళతో తను వెళ్తున్నట్టు లేదని ఒకసారి అంది. రైల్లో కూర్చున్నట్టుంది అంది.

ఆ తర్వాతి ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి, అడ్రసు కనుక్కుంటూ జాలారిపేటలో పైడిరాజు ఇంటికి వెళ్ళింది. లోకేశ్వరి ఆవిణ్ణి గుర్తుపట్టి లోపలికి పిలిచింది. టీ ఇచ్చింది. కాసేపు ఆయన గురించి మాట్లాడుకున్నారు. వచ్చిన పనేంటో దమయంతికే సరిగ్గా తెలియదు. చివరికి అడిగింది.

“ఆయన గోడ పట్టుకునేవారన్నావట. ఎక్కడమ్మా?”

లోకేశ్వరి పెరటివైపు తీసుకెళ్ళింది. నీళ్ళ గదికి వెళ్ళే దారిలో నీలం సున్నం వేసిన గోడ. నడుము ఎత్తున, వరసగా, మరకలు. ఏళ్ళ తరబడి ఒకే చేయి ఆనిన చోట సున్నం నల్లబడి నునుపుదేలింది. గుమ్మం దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, గది తలుపు పక్కన ఒకటి.

“సున్నం వేయించడానికి మనసు రాటంలేదండీ,” అంది లోకేశ్వరి.

దమయంతి చేయి చాచి మొదటి మరక మీద అరచేయి ఆనించింది. ఆ చేయి తన చేతికన్నా చాలా పెద్దది. ఏళ్ళ తరబడి ఆ మనిషి పొద్దున్నే ఇక్కడికొచ్చి, తన ఒంటిని తను కాపాడుకుంటూ, ఈ మూడు చోట్లా ఆగి నడిచాడు. తన భయాన్ని తను చూసుకున్నాడు. దాన్ని కట్టుకి అప్పగించాక చూసుకోవడం మానేశాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ప్రసూనని పిలిచింది. “వదులు చెయ్యి. ఈసారి నేనేడిస్తే నువ్వు పట్టించుకోకు.”

“పట్టించుకుంటానత్తయ్యా. పట్టించుకునే వదులు చేస్తాను.”

ఈసారి పద్ధతి మార్చారు. నజీమా ఒక కొత్త ఏర్పాటు చేసింది. ఎంత వదులుండాలో దమయంతే చూసుకోవచ్చు. పట్టీ పక్కన చిన్న చక్రం, రేడియోకి ఉండేలాంటిది. భయమేసిన రోజు కొంచెం బిగించుకోవచ్చు, ధైర్యం వచ్చాక వదులు చేసుకోవచ్చు. ప్రసూన ఇదెందుకు ముందే తోచలేదా అనుకుంది. తూలడం ఒకటే, కానీ ఎవరో తోస్తే తూలడం వేరు, తనే అడుగు వేసి తూలడం వేరు. దమయంతి ఆ చక్రాన్ని ఒకటి రెండుసార్లే వెనక్కి తిప్పింది.

కాళ్ళు వినడం మొదలుపెట్టాయి. ముందు బొటనవేళ్ళు, తర్వాత మడమలు. మెట్లు దిగేటప్పుడు పాదం కింద రాయి గరుకు తెలుస్తోందని ఆవిడ ఒకరోజు ఆశ్చర్యంగా చెప్పింది. వాలు రోడ్డు మీద తూలినప్పుడు కట్టు కదిలేలోపే తన తుంటి వెనక్కి జరిగి ఒళ్ళు నిలబడింది. “నేనే!” అని అరిచింది రోడ్డు మీద. పక్కన వెళ్తున్న స్కూటరతను కంగారుపడి బ్రేకు వేశాడు.

ప్రయోగశాలలో మళ్ళీ పాదాలు దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. కట్టు లేదు. ఊగింది, నిలబడింది. ఎదురుగా జోసఫ్ రత్నం గారు తన అరచేతులు రెండూ గట్టిగా ఒత్తిపట్టుకుని చూస్తున్నారు. చాలనుకున్నాక ప్రసూన “తెరవండి” అంది.

“అప్పుడేనా?” అంది దమయంతి.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. “మా అమ్మ చివరి ఏడాది మంచం దిగలేదు,” అన్నారు. “పడుతుందేమోనని మేమే దిగనివ్వలేదు.” తర్వాత ఇటు తిరిగి, “అందరికీ చెప్పండి. ఒప్పుకున్నవాళ్ళందరికీ మొదలుపెట్టండి,” అన్నారు.

అందరికీ కుదరలేదు. కొందరు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళలో కొందరికి చెవి నరం మరీ బలహీనపడి, ఎంత ప్రయత్నించినా నిలకడ రాలేదు. వాళ్ళకి గట్టి కట్టే ఉంచేశారు. ఇంట్లో కడ్డీలు, స్నానానికి కుర్చీ, తోడు మనిషి ఏర్పాటయ్యాయి. సంగీతం మాస్టారు వాళ్ళలో ఒకరు. ఆయనకి ఆ సంగతి చెప్పడం ప్రసూన జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. “పిల్లల్నే కిందికి రమ్మంటాన్లే,” అన్నాడాయన. “వాళ్ళ గొంతులు బాగున్నాయి. మెట్లు దిగినంత మాత్రాన పోవు.”

మిగతావాళ్ళు మెల్లమెల్లగా తేరుకున్నారు. వారానికి రెండు పొద్దుటిపూటలు ప్రయోగశాల హాల్లో పరుపులు పరిచి, దమయంతి వాళ్ళకి ఒక క్లాసు పెట్టింది. విజిల్ కూడా తెచ్చుకుంది. మొదట ఒంటికాలి మీద నిలబడటం, ఒక పాదం వేళ్ళకి రెండో పాదం మడమ ఆనిస్తూ నడవడం. తర్వాత కింద కూర్చోవడం, పడుకోవడం, పక్కకి తిరగడం, మోకాళ్ళ మీదికి రావడం, లేవడం. లోకేశ్వరి వాళ్ళ మేనత్తని తీసుకొచ్చి చేర్పించింది. ఆవిడకి కట్టూ లేదు, పరీక్షలూ లేవు. ఊరికే వచ్చి అందరికన్నా ముందు వరసలో నిలబడేది.

చలికాలంలో ఒక పొద్దున వాళ్ళంతా బీచ్‌కి వెళ్ళారు. ఇసుక మీద నడవటం మెత్తటి పరీక్ష. ఎండ అప్పుడే వేడెక్కుతోంది. కనకమహాలక్ష్మి చీర కుచ్చెళ్ళు ఎగదోపి అలల దాకా వెళ్ళింది. నజీమా చెప్పులు చేత్తో పట్టుకుని ఆవిడ వెనక నడుస్తోంది. దమయంతి ఆరోజు కట్టు ఇంట్లోనే వదిలేసి వచ్చింది. భార్గవ కారు పార్కింగ్‌లో పెట్టి ఫ్లాస్కు తీసుకొస్తానని ఆగాడు.

తడి ఇసుక మీద దమయంతి వెనక్కి తిరిగి ఎవరినో కేకేసింది. అదే సమయానికి అల వెనక్కి వెళ్తూ ఆవిడ కాళ్ళ కింద ఇసుకని లాగేసింది. ఒక పాదం దిగబడింది, రెండోది దాన్ని అందుకోలేకపోయింది. ఆవిడ పడిపోయింది.

ప్రసూన పరుగెత్తింది. దగ్గరికొచ్చి వంగబోయేసరికి దమయంతి పక్కకి తిరిగి పడి ఉంది, మోచేయి ఒంటికి దగ్గరగా ముడుచుకుని, తల ఎత్తి పట్టుకుని. క్లాసులో తను వాళ్ళకి నేర్పినట్టే.

“ఆగు,” అంది. ప్రసూన ఆగింది.

ఆవిడ కాసేపు అలాగే ఉంది. మణికట్టు తిప్పి చూసుకుంది. మోకాళ్ళు కదిపింది. తుంటి మీద చేయి వేసి నొక్కుకుంది. ఇంకో అల వచ్చి ట్రాక్ ప్యాంటు నడుము దాకా తడిపి వెళ్ళింది. అబ్బా చలి అనుకుంటూ బోర్లా తిరిగి, చేతుల మీద మోకాళ్ళ మీద నిలబడి, ఒక పాదం ముందుకి పెట్టి, తొడ మీద అరచేయి ఆనించి, ఊపిరి బిగపట్టి లేచింది. లేచి రెండడుగులు తూలింది. నిలబడింది.

ఫ్లాస్కు పట్టుకుని ఇసుకలో గబగబా వస్తున్న భార్గవ అమ్మని చూసి మధ్యలోనే ఆగిపోయాడు. జుట్టు నిండా ఇసుక, బట్టలన్నీ తడి.

“ఏమైందమ్మా? ఏంటిది?”

“పడ్డాన్రా,” అంది దమయంతి. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పాల్సిన శుభవార్తలా చెప్పింది. “పడి, లేచాను.”

అతను ప్రసూన వైపు చూశాడు. ప్రసూన కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. అతను ఫ్లాస్కు మూత తీసి, మెల్లగా కాఫీ పోసి ముందు అమ్మకిచ్చాడు, తర్వాత ప్రసూనకిచ్చాడు. దమయంతి నిలబడే తాగింది. కప్పు తిరిగి ఇచ్చేసి, తడి ప్యాంటు పిండుకుని, కనకమహాలక్ష్మి ఎంతదూరం వెళ్ళిపోయిందో చూసి, ఆవిణ్ణి అందుకోవాలని నీళ్ళ అంచునే నడక మొదలుపెట్టింది.